నా జడ, ఆ పిల్ల భుజం

నా చిన్నప్పుడు మా నాయనమ్మ చేతులు నా ఒక్కదాని సొత్తు అనుకునేదాన్ని. పొద్దున జడ వేయడానికి, రాత్రి కాళ్ళు పిసకడానికి అవి నాకోసమే ఉన్నాయని నా నమ్మకం. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందు గదుల్లోకి కోస్తా నుంచి ఒక కుటుంబం కిరాయికి దిగేదాకా అది చెదరలేదు.

వాళ్ళమ్మాయిది నా వయసే. మెట్ల మీంచి పడి మెడకింద ఎముక విరిగితే దవాఖానలో చేతిని ఒంటికి చేర్చి కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది గానీ, కట్టు విప్పేసరికి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి రొమ్ము దాటి పైకి లేచేది కాదు. ఇక మెల్లగా కదిలించాలని డాక్టరు చెబితే, ఆ పని మా నాయనమ్మ నెత్తిన వేసుకుంది.

మొదటి తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడిన రోజులవి. నేను గడపలో కూర్చుని చూసేదాన్ని. నాయనమ్మ నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, ఆ పిల్ల వీపు రెక్క నుంచి జబ్బ దాకా బొటనవేలితో మెల్లగా రాసేది. "హాయిగా ఉందండీ మామ్మగారూ" అని ఆ పిల్ల అంటే నా కడుపు మండిపోయేది. వీధిలో జై తెలంగాణ అంటూ ఊరేగింపు పోతుంటే, వీళ్ళు ఇల్లు ఖాళీ చేస్తే చాలని మనసులో అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

ఒకనాడు నాయనమ్మ దువ్వెన తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "నా చేతులు నొస్తున్నయ్. జర గీ పిల్లకు నువ్వే జడెయ్యి బిడ్డా" అంది.

చేతులు పోయాయి, ఇప్పుడు జడ కూడా పోయింది. కింద కూర్చున్న ఆ పిల్లకు అందకూడదని నేను పీట మీద మెడ నిక్కించి కూర్చున్నాను. ఆమె పళ్ళు బిగబట్టి, అందినంత మేర వంకర జడ వేసింది. ఆ వేళ్ళకు మా నాయనమ్మ నూనె వాసన. మర్నాడు పీట మీద ఇంకో పీట వేసుకున్నాను. నాయనమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. జడ మాత్రం రోజురోజుకూ కాస్త పైనుంచి మొదలవుతూ వచ్చింది.

ఒక పొద్దున వెనక నుంచి ఆ పిల్ల మూలుగు వినపడి, నాకు తెలియకుండానే తల వంచాను. నాయనమ్మ నా గడ్డం పట్టి పైకెత్తింది.

"వంగకు. గిన్ని దినాలు నీ కుళ్ళే దానికి మందైంది. గట్లనే నిక్కి కూసో."

అంటే అన్నీ తెలిసే ఊరుకుందన్నమాట. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అయినా నిక్కే కూర్చున్నాను.

నడినెత్తి నుంచి బిగువైన జడ పడిన రోజున వాళ్ళమ్మ కూతురి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. గొడవలకు భయపడి ఆ వారమే వాళ్ళు సొంతూరు వెళ్ళిపోయారు. కోరుకున్నట్టే నాయనమ్మ చేతులు నాకు తిరిగొచ్చాయి. జడ వదులుగా ఉందని ఆమెతో విప్పించాను, వేయించాను, మళ్ళీ విప్పించాను. అక్కడ ఆ పిల్ల ఇప్పుడు ఎవరికి జడ వేస్తోందో అనుకుంటే మళ్ళీ కడుపు మండింది.

ఇప్పుడు నాకు మిగిలింది పిడికెడు జుట్టు. మా మనవరాలు దువ్వుతూ, "అమ్మమ్మా, జర వంగరాదూ" అని విసుక్కుంటుంది. నేను వంగను. మెడ నిక్కించి, వెనక నుంచి పైకి వచ్చే చేతికి నువ్వుల నూనె వాసన ఉంటుందేమోనని చూస్తాను.