చిలకల తీరానికి ఒబ్దూలియా

ఒబ్దూలియా ఇరవై ఎనిమిదేళ్లు హోటల్ లాండ్రీలో పనిచేసింది. సెలవులకు సముద్రపు ఒడ్డున ఉన్న మన్సనీయో ఊరికి వచ్చిన జనం వాడి పడేసిన తువ్వాళ్లను ఇసుక పోయేదాకా దులిపి మిషన్లో వేయడం ఆమె పని. నల్ల ఇసుక రాలితే కుయుత్లాన్ తీరానికి వెళ్లొచ్చారని, తెల్లగా పిండిలా రాలితే మిరమార్ అని చూడగానే చెప్పేది. తను మాత్రం ఆదివారం వస్తే మోకాళ్లకు మందు రాసుకుని పడుకునేది.

పోయిన మార్చిలో ఆమె పని మానేసింది. మర్నాడే మా వీధి చివర ఉండే ఆడపడుచు చాయో ఇంటికి వెళ్లింది.

"వదినా, ఇక నుంచి ఆదివారానికో తీరం చూద్దాం."

"ఏముంటుంది వదినా చూడ్డానికి? నీళ్లు, పక్కన ఇసుక."

"నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతా."

రానంటే ఆ మాట ఏడాదిపాటు వినాల్సి వస్తుందని చాయోకు తెలుసు. చేప ముక్కలు నిమ్మరసంలో ఊరేసి, అప్పాల్లాంటి తోస్తాదాలు డబ్బాకెత్తి బయల్దేరింది.

కుయుత్లాన్‌లో మధ్యాహ్నపు నల్ల ఇసుక పెనంలా కాలింది. నీళ్లదాకా వెళ్లలేక, ఇద్దరూ ఎవరో వేసిన చెక్కబాట మీదే నిలబడి తిన్నారు. మిరమార్‌లో నీడ ఉన్న ప్రతి చోటా అద్దె కుర్చీ ఉంది. అయినా ఒబ్దూలియా పెద్దగా పట్టించుకోలేదు. ఆమె అసలు చూడాలనుకున్నది చిలకల తీరం. చిన్నప్పుడు వాళ్ల నాన్న అక్కడే విసురువల వేసేవాడు. రెండు కొండల మధ్య చాపంత జాగా. ఇప్పుడు దాని చుట్టూ డబ్బున్నవాళ్ల బంగళాల కాలనీ లేచింది.

ఆ కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు తీశాడు. "ఎవరింటికమ్మా?"

"ఎవరింటికీ కాదు. సముద్రానికి."

"పేరు రాసుండాలి. లేకపోతే పంపకూడదు."

"సముద్రం ఎవరి సొత్తు నాయనా?"

"అందరిదేనమ్మా. ఈ రోడ్డు మాత్రం కాదు."

అతను మర్యాదగానే చెప్పాడు. ఆమెకు అదే ఎక్కువ మండింది. ఆ వారమే తీరానికి దారి ఇప్పించమని దరఖాస్తు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా చదివి, ఇది రోడ్ల సంగతన్నాడు. రోడ్ల ఆఫీసులో, ఇది తీరం సంగతన్నారు. నాలుగు రోజులు తిరిగాక ఎవరో ఒక ముద్ర వేసి కాగితం తీసుకున్నారు. జవాబు మాత్రం రాలేదు.

"ఇంక వదిలేయ్ వదినా," అంది చాయో. "తీరాలకేం కరువా?"

"నేను ఆ తీరానికే పోవాలి."

మే నెలలో ఒక ఆదివారం, నీళ్లు బాగా వెనక్కి తగ్గే వేళ చూసుకుని, పక్క తీరం నుంచి బండల మీదుగా బయల్దేరారు. నాచు మీద జారి చాయో కూర్చుండిపోయింది. ఒక చెప్పు నీళ్లలో పోయింది. చివరి బండ దగ్గరికి వచ్చేసరికి కాలనీవాళ్ల ఇనప కంచె నీళ్లలోకి దిగి ఉంది. దాని అవతల ముప్పై అడుగుల్లో తీరం. తెల్లటి మడత కుర్చీలు వరసగా వేసున్నాయి. వాటిలో ఒక్క మనిషి లేడు.

"ఎవరూ లేరు వదినా," అంది ఒబ్దూలియా. "ఒక్కరైనా వాడుకుంటుంటే సర్దుకునేదాన్ని."

"చూశావుగా. పద."

ఒబ్దూలియా చేతిసంచి చాయోకిచ్చి, గౌనుతోనే నీళ్లలో దిగింది. నడుముదాకా వచ్చాయి. కంచె పట్టుకుని దాని చివరినుంచి తిరిగి ఒడ్డెక్కింది. నాన్న వల ఆరబెట్టిన బండ కోసం వెతికింది. దాన్ని పగలగొట్టి మెట్లు కట్టారు. ఇసుక కూడా ఎక్కడినుంచో తెచ్చి పోసిందే. తడిబట్టలతో ఆ మెట్ల చాటునే కూలబడింది. ఏడుపు రాలేదు, విసుగొచ్చింది.

పది నిమిషాలకు మరో వాచ్‌మన్ వచ్చాడు. నడివయసువాడు.

"లేవండమ్మా. ఎలా వచ్చారు?"

"నీళ్లలోంచి. అక్కడ కూడా పేరు రాయించాలా?"

అతను బంగళాల వైపు చూశాడు. "మీ మాట నిజమే. కానీ పైనుంచి ఎవరైనా చూస్తే పోయేది నా ఉద్యోగం."

తిట్టడానికి నోరు తెరిచింది కానీ, అతని చొక్కా కాలర్ మీద ఎన్నో ఉతుకుల అరుగుదల కనిపించింది. గౌను అంచు పిండుకుని లేచింది. మళ్లీ నీళ్లలోంచి పోతానంటే, పోటు మొదలైంది ప్రమాదమన్నాడు. ఆమెను రానివ్వని ఆ రోడ్డు మీదుగానే గేటుదాకా నడిపించాడు. రిజిస్టరు దగ్గరున్న వాచ్‌మన్ ఆమెను గుర్తుపట్టి తల దించుకున్నాడు.

చాయో బండల మీద గంటసేపు ఎదురుచూసి, నీళ్లు పెరుగుతుంటే ఒంటి చెప్పుతో కుంటుతూ, ఒబ్దూలియా నిలబడి ఉన్న బస్టాపుకు వచ్చింది.

"తిరిగొస్తూ మునిగిపోయావనుకున్నాను," అంది. "అక్కడ్నుంచి ఎన్నిసార్లు పిలిచాను?"

"అలల హోరులో వినబడలేదు వదినా."

"నీకెప్పుడు వినబడింది?"

బస్సు డ్రైవర్ తడి గౌను చూసి, సీటు పాడవుతుంది, నిలబడమన్నాడు. ముప్పావుగంట ఆ మోకాళ్లతో నిలబడే వచ్చింది. చాయో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. మర్నాడు నేను ఆ తీరం ఎలా ఉందని అడిగితే, "బాగా కట్టుకున్నారు," అంది ఒబ్దూలియా. తర్వాతి రెండు ఆదివారాలూ తలుపు వేసుకుని పడుకుంది.