పక్కదుప్పట్ల మీద నీటికుక్కలు

మా అక్క లెక్కలో లోకంలో ఉన్నవి రెండే: ఉతికినవి, ఉతకాల్సినవి. పడవ తప్ప వేరే దారి లేని ఒక దీవిలో, అతిథిగృహంలో పక్కదుప్పట్లు ఉతికేది. అందరికీ ఆమె దుప్పట్లక్క. బావ పడవ నడిపేవాడు. ఉండటానికి వంటింటి వెనక ఒక గది ఇచ్చారు.

ఆ గాలికి దండేలు నిలవవు. అందుకని ఒడ్డున చప్పటి బండల మీద దుప్పట్లు పరిచి, మూలలకు రాళ్ళు పెట్టేది. నేను సెలవులకు వెళ్ళినప్పుడే నీటికుక్కలు మొదటిసారి అటు వచ్చాయి. ఒకదాన్నొకటి తరుముకుంటూ అలల్లోంచి ఎక్కి, ఒళ్ళు తుడుచుకోవడానికి దుప్పట్ల మీద పడి దొర్లాయి. ఒకటి వెల్లకిలా పడుకుని గులకరాయిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆట ముగిశాక తోకలెత్తి, దుప్పట్ల నడిమధ్యన పని కానిచ్చుకుని పోయాయి.

నల్లటి జిగురు. అందులో చేప పొలుసులు, పీత డొప్పల ముక్కలు. పుస్తకాల్లో వాటి బొమ్మ కనబడితే ఇప్పటికీ నాకు ముందు ఆ కంపే తగులుతుంది.

"థూ! వీటి మొహం మండ!" అంటూ అక్క ఓకరించింది.

"నీ దుప్పటి మీద దొర్లినా గురక పెట్టలేదు కదే, నాకంటే నయం," అన్నాడు బావ.

"కంపులో మాత్రం మీకూ వాటికీ పోటీయే."

అతిథులు మాత్రం చప్పట్లు కొట్టి ఫొటోలు తీసుకున్నారు. అది చూసిన మేనేజరు మర్నాడే వచ్చాడు.

"అక్కా, గదుల దుప్పట్లు వెనక గదిలో ఆరేసుకో. ఇక్కడ మాత్రం రోజూ నాలుగు దుప్పట్లు పరుచు, వీళ్ళు టిఫిను చేసే వేళకి."

"అవి పాడు చేసిపోతాయి బాబూ."

"చెయ్యనీ. మళ్ళీ ఉతుకు. తెల్లగా ఉంటేనే ఫొటో బాగుంటుంది. నీకు కుదరదంటే చెప్పు, ఇంకో మనిషిని చూసుకుంటా."

పని పోతే గదీ పోతుంది. అక్క పళ్ళబిగువున పరిచింది. గోళ్ళ సందుల్లో ఆ జిగురు దిగి, అన్నం కలుపుకోబోతే చెయ్యి నోటిదాకా వచ్చేది కాదు. చెంచాతో తినడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున ఒకావిడ ముక్కుకు సెంటు రుమాలు అడ్డం పెట్టుకునే, "ఆంటీ, కొంచెం జరగండి, ఫొటోలో పడుతున్నారు. ఎంత ముద్దుగా ఉన్నాయో!" అంది.

అక్క జరిగింది. జరిగి, నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"మాసినది ఉతకమను, ఎంతైనా ఉతుకుతాను. మాపించడానికి ఉతకను. నీ ఇంకో మనిషిని చూసుకో బాబూ."

బావ బతిమాలాడు, అరిచాడు, చివరికి తనే పడవలో ఒడ్డుకు దింపాడు.

తర్వాత ఆసుపత్రి గుడ్డలు ఉతికే పనిలో కుదిరింది. నెత్తురు, చీము, వాంతి. "రోతగా లేదా అక్కా?" అని అడిగితే నన్ను వింతగా చూసింది.

"పాపం, రోగులే, వాళ్ళేం చేస్తారు?" అంటూ చేత్తో అన్నం కలిపి నాకో ముద్ద పెట్టింది.

బావ ఆ దీవిలోనే ఉండిపోయాడు. వారానికోసారి వచ్చేవాడు. చొక్కా గుమ్మం బయటే విప్పి, వేణ్ణీళ్ళతో స్నానం చేస్తేగాని ఆమె అతన్ని లోపలికి రానిచ్చేది కాదు.