చట్రంలో పట్టని నెమలి

ఒక్క అంకె మార్చి ఒక నేతగాడి మగ్గానికి ఎసరు పెట్టిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఓబులేసు ఎదుట మాత్రం వద్దు.

ఓబులేసుది కడప జిల్లాలో మా వీధి చివరి ఇల్లు. పెళ్లి చీరలకని గళ్ల కాగితం మీద నెమలి అంచు గీశాడు. కర్నూలు బట్టల సేటు ఫోనులో చూసి మెచ్చితేనే ఆర్డరు. లేకుంటే ఆ నెల మగ్గం ఖాళీ.

నేను అప్పుడే పత్రిక కొలువు మాని వెబ్ పేజీలు నేర్చుకుంటున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త వెబ్‌గాడు కొలతెరగడు. సాదా అక్షరాల్లో రాసి మీట నొక్కితే వెబ్ పేజీ అయిపోయే పద్ధతి నాది. నెమలిని అందులో గీతల బొమ్మగా పెట్టి, "ఇది ఫొటో కాదు, వెక్టరు. గోడంత సాగదీసినా చెదరదు, గోరంత కుదించినా చెడదు" అని కోతలు కోశాను.

కంప్యూటరులో నెమలి దర్జాగా నిలబడింది. ఫోనులోనే పట్టలేదు. పత్రికలో కాలమ్ చాలకపోతే కొలత తగ్గించడం మాకు అలవాటు. వెడల్పు అంకెను మూడో వంతు చేసి, మళ్లీ చూసుకోకుండా సేటుకు లింకు పంపాను.

మధ్యాహ్నానికి ఓబులేసు వచ్చాడు.

"అన్నా, నా నెమలి యాడ పోయింది?"

"అక్కడే ఉంది కదా."

"ఈడ చీపురు ఉండాది. పెండ్లి చీరకు చీపురేందప్పా అని సేటు అడుగుతాండాడు."

చూస్తే, తగ్గింది నెమలి కాదు, దాని చట్రం. బొమ్మ అసలు కొలత చెప్పే వరుస ఒకటి ఫైలులో ఉంటేనే లోపలి బొమ్మ కూడా కుదించుకుంటుంది. ఆ వరుస నేను రాయలేదు. తల, మెడ, కాళ్లు చట్రం బయటికి పోగా, ఎడమ మూలన తోక కొస మిగిలింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. కోతికైనా ప్రాణముంటుంది.

ఆ వరుస చేర్చి పేజీ మళ్లీ పంపాను. నెమలి బుద్ధిగా ఫోనులో ఒదిగింది. ఓబులేసు నా పక్కనే కూర్చుని, స్పీకరు పెట్టి సేటుకు ఫోన్ చేశాడు.

"నెమలి శానా మంది నేస్తాండారప్పా," అన్నాడు సేటు తీరిగ్గా. "ఇందాకటి చీపురును మా ఇంట్లో ఆడోళ్లు జొన్నకంకి అనుకున్యారు. అదే నెయ్యి."

ఆ పెళ్లిళ్ల కాలమంతా ఓబులేసు మగ్గం మీద జొన్నకంకులే పండాయి. మొన్న ఇంకో గళ్ల కాగితం తెచ్చాడు. హంస.

"దీన్ని గూడా రోంత చెడగొట్టిపెట్టన్నా."

ఆ మగ్గం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: అసలు కొలత రాయకుండా ఇక ఏ పక్షినీ చట్రంలో పెట్టను. ఈ హంస ఒక్కటీ అయ్యాక.