పెద్దమ్మకు బహుమతిగా వచ్చిన గది

గ్రాసియానా పెద్దమ్మ మా ఊరి రైలు స్టేషన్ ఎదుటి హోటల్లో వయసంతా దుప్పట్లు ఇస్త్రీ చేసింది. ముందు జూదపు యంత్రాల మోత, వెనక ఆవిరి కక్కే లాండ్రీ. పై గదుల్లో ఎవరు పడుకున్నా ఆ దుప్పట్లు ఆమె చేతిమీదుగా వెళ్ళినవే. ఆ మంచాల మీద మాత్రం ఆమె ఒక్కసారీ కూర్చోలేదు. వసంతంలో పని మానినప్పుడు యజమానులు ఒక పూలగుత్తి చేతిలో పెట్టి, అదే హోటల్లో రెండు రాత్రుల బస బహుమతిగా ఇచ్చారు. ఆమె దాన్ని వాడుకోవాలనుకునేసరికి ఆకులు రాలే కాలం వచ్చింది.

"గాడిదకి అది మోసిన మూటనే బహుమతిగా ఇచ్చినట్టుంది," అన్నాను.

"నీ నోరే నీకు శత్రువురా బెన్యాట్. నాకు కావలసింది గది కాదు, భోజనం. ఆదివారం మీ మామని తీసుకురా."

సొంత తమ్ముడైన పెయో మామతో ఆమెకు మాటల్లేక ఏళ్ళయింది. అమ్మమ్మ పోయినప్పుడు మామ గొర్రెలతో కొండల మీద ఉన్నాడు. వేళకాని మంచు పడి దారి మూసుకుపోయింది. పెద్దమ్మ చూసిచూసి, ఇక ఆగలేక సమాధి చేయించింది. మామ దిగివచ్చేసరికి మట్టికుప్ప మిగిలింది. అప్పటినుంచి చర్చిలో కూడా ఆయనొక వైపు, ఆమె ఒక వైపు.

గొర్రెలు కాయడానికి సముద్రం దాటి వచ్చిన మా బాస్క్ జాతి కాపరుల హోటళ్ళన్నిటిలాగే అక్కడి భోజనశాలలోనూ ఒకటే పొడవాటి బల్ల. ఎవరు ఎక్కడ కూర్చోవాలో వడ్డించేవాళ్ళు చెబుతారు. సూపు గిన్నె, చిక్కుళ్ళు, మాంసం చేతినుంచి చేతికి వెళ్ళాలి. పక్కవాడు పగవాడైనా గిన్నె అందించి "తీసుకో" అనాల్సిందే. అనకపోతే బల్ల దగ్గరున్న వాళ్ళందరినీ అవమానించినట్టే. ఆ ఒక్క మాట మీదే పెద్దమ్మ ఆశ పెట్టుకుంది.

పెద్దమ్మ పిలుపు చెబితే, సాయంత్రం తనే వస్తానన్నాడు మామ. ఆదివారం మధ్యాహ్నం నేనే ఆమె పెట్టె మోసుకెళ్ళాను. తలుపు పక్కన 'చారిత్రక గది' అని ఇత్తడి పలక మెరుస్తోంది. లోపల మెరిసేది ఇంకేమీ లేదు. కొళాయిలో వేడినీళ్ళు రాలేదు, తివాచీ సిగరెట్ కంపు. కిటికీ తెరిస్తే చెత్తడబ్బాలు. పెద్దమ్మ వాటిని పట్టించుకోలేదు. దుప్పటి అంచు పట్టుకుని చూసి మాత్రం మొహం చిన్నబుచ్చుకుంది.

"ముడతలురా. పొరుగూరి లాండ్రీకి పంపుతున్నారట."

సాయంత్రం కిందికి దిగాం. పొడవాటి బల్ల లేదు. దాని చోట రంగులీనే యంత్రాలు. మిగిలిన జాగాలో ఇద్దరిద్దరు కూర్చునే చిన్న బల్లలు.

పాతకాలం నుంచీ వడ్డిస్తున్న డార్లీన్ తల వంచుకుంది. "వేసవిలో తీసేశారు గ్రాసీ. కొత్త మేనేజరుకి ఎవరి పళ్ళెం వాళ్ళకుండాలిట. నీకు చెప్పడానికి మనసొప్పలేదు."

పెద్దమ్మ కుర్చీలో కూలబడింది. అప్పుడే పెయో మామ వచ్చాడు. నల్ల టోపీ, మెడదాకా గుండీలు పెట్టిన చొక్కా. బల్ల కోసం వెతికాడు. లేదని తెలిశాక, తనను కూర్చోబెట్టేవాళ్ళు ఎవరూ లేరు కనక, మా పక్క బల్ల దగ్గర మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఇక అయిపోయిందనుకున్నాను. డార్లీన్ ముగ్గురికీ మూడు కప్పుల్లో సూపు తెచ్చింది.

మామ ఒక చెంచా తాగి గోడతో అన్నట్టు అన్నాడు. "ఇది సూపా, నా కుక్క కాళ్ళు కడిగిన నీళ్ళా?"

పెద్దమ్మ చెంచా ఆగింది. "బెన్యాట్, మీ మామతో చెప్పు. కుక్క కాళ్ళు కడిగినా ఇంత చప్పగా ఉండదని."

"మామా, పెద్దమ్మ అంటోంది..."

"విన్నాలే, నాకు చెవుడేం రాలేదు. వెల్లుల్లి వేయలేదని చెప్పు మీ పెద్దమ్మకి."

"వేయకేం, డబ్బాలోంచి తీసిన పొడి వేశారు. నాలిక గొర్రెలకి అరువిచ్చాడేమో కనుక్కో."

"ఒరేయ్, ఆవిడకి చెప్పు..." అంటూ మామ కుర్చీతో సహా ఇటు తిరిగాడు. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. యంత్రాల ముందున్నవాళ్ళు కూడా చూశారు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన జుట్టు అంత తెల్లబడిందని పెద్దమ్మకు అప్పుడే తెలిసినట్టుంది.

"అక్కా," అన్నాడు. "అమ్మ చివర్లో నన్ను అడిగిందా?"

ఇన్నేళ్ళూ ఆయన మోసింది కోపం కాదు, ఈ ప్రశ్న.

"నిన్ను కాదురా, గొర్రెల్ని అడిగింది. మంచులో మంద ఎలా ఉందో అంది. మంద బాగుంటే వాడూ బాగున్నట్టే, పిలిచి వాణ్ణి తొందరపెట్టొద్దంది. అయినా నేను రెండుసార్లు మనుషుల్ని పంపాను. కనుమ దాటలేక వెనక్కొచ్చారు."

"నాకెవరూ చెప్పలేదే."

"నువ్వు వింటే కదా! చర్చిలో నన్ను చూస్తే దూరం జరిగేవాడివి."

మామ చల్లారిన సూపు కప్పు పక్కకి జరిపాడు. "గదిలో వేడినీళ్ళు వస్తున్నాయా?" అన్నాడు.

"ఎక్కడొస్తున్నాయి!"

"మరి ఇక్కడెందుకు? పెట్టె సర్దుకో. మా ఇంట్లో మాంసం నానబెట్టి ఉంచాను."

"నాకోసమా?"

"నువ్వుంటావని చెప్పే వీడు నన్ను రమ్మన్నాడు కదా. నిన్ను ఇంటికి పిలవకుండా ఎలా ఉంటాను?"

తాళంచెవి ఇచ్చేటప్పుడు కౌంటర్లో పిల్ల, రెండో రాత్రి వదులుకుంటే మళ్ళీ ఇవ్వరని హెచ్చరించింది. "నువ్వే పడుకో తల్లీ, కాకపోతే సొంత దుప్పటి తెచ్చుకో," అంది పెద్దమ్మ. బయట మామ తన ట్రక్కులో ముందు సీటు మీది కుక్కల్ని అదిలిస్తున్నాడు. అవి దిగనంటున్నాయి. పెద్దమ్మ వాటినే కాస్త పక్కకి తోసి, మధ్యలో ఇరుక్కుని కూర్చుంది.

"వెల్లుల్లి ఎంత వేశావు?" అని అడుగుతోంది, మామ తలుపు మూస్తుండగానే.