మూడో పిలుపు

నా చిన్నప్పుడు బహ్రెయిన్‌లో చలికాలమంటే నాకు రాజహంసలే, ఫ్లెమింగోలన్న మాట. మేం హూరా అనే పేటలో ఉండేవాళ్లం. పక్కింటి అక్కది కరీంనగర్ వైపు. ఆవిడకు పిల్లలు లేరు, పక్షుల పిచ్చి మాత్రం ఉంది. నువైద్రాత్ సముద్రపు ఒడ్డుకు హంసలు దిగాయని తెలిస్తే చాలు, శుక్రవారం తెల్లవారుతుండగానే నన్ను లేపి తీసుకెళ్లేది. గులాబీరంగు పెద్దవాటి మధ్య ఆ ఏడాది పుట్టిన బూడిదరంగు పిల్లలు తిరుగుతుంటే చూడ్డం మాకిద్దరికీ సినిమాకంటే ఎక్కువ.

ఆ శుక్రవారం పొగమంచు విపరీతంగా ఉంది. నీళ్లు వెనక్కి పోయి బురద తేలింది. అక్క ముందు, నేను వెనక నడుస్తున్నాం. హంసలు కనిపించడం లేదు కానీ వాటి గొణుగుడు వినిపిస్తోంది. గుంపు విడిపోకుండా అవి మేస్తూనే ఒకదానికొకటి పలుకుతుంటాయి. మంచులో వింటే అది గోడ అవతల చాలామంది గుసగుసలాడుతున్నట్టుంది. ఏం మాట్లాడుకుంటున్నాయో విందామని పక్కకు నడిచాను. తిరిగి చూస్తే అక్క లేదు.

అప్పుడు ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. అచ్చం అక్క గొంతే. పలకబోయి ఆగిపోయాను. చీకట్లో గానీ మంచులో గానీ ఎవరైనా పిలిస్తే మూడో పిలుపు దాకా పలకకూడదని, దయ్యం మూడోసారి పిలవదని మా నానమ్మ మరీమరీ చెప్పేది. కాసేపటికి ఇంకో వైపు నుంచి రెండో పిలుపు వచ్చింది. మూడోది రాలేదు. నీళ్లు తిరిగొచ్చి నా పిక్కల దాకా ఎక్కాయి. ఉన్నట్టుండి హంసల గొణుగుడు ఆగిపోయింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

పక్కనే నా భుజమెత్తున ఒక బూడిదరంగు పిల్ల నిలబడి ఉంది. అదీ తప్పిపోయినట్టుంది. సన్నగా అరిచింది. మంచులోంచి బదులు వచ్చింది. మళ్లీ అరిచింది, బదులు దగ్గరైంది. పెద్ద హంస ఒకటి వచ్చి దాన్ని వెంటబెట్టుకుని పోయింది. నేను మాత్రం నోరు నొక్కుకుని ఏడుస్తూ అక్కడే ఉన్నాను.

ఇంతలో అక్క గొంతు ఆగకుండా నా పేరు మూడుసార్లు పిలిచింది. "మూడుసార్లు పిలిచిన బిడ్డా, ఇగ పలుకు" అంది. వాళ్ల ఊళ్లోనూ అదే పట్టింపు కదా, నేనెందుకు పలకడం లేదో ఆవిడకు తెలిసిపోయింది. "అక్కా" అని గట్టిగా అరిచాను. నీళ్లు తొక్కుకుంటూ వచ్చి నన్ను ఎత్తుకుంది.

ఒడ్డుకు వచ్చాక, ముందు రెండుసార్లు పిలిచినప్పుడు నువ్వో కాదో అని పలకలేదన్నాను. అక్క నడక ఆపేసింది.

"ముందు నేనెక్కడ పిలిచిన? నువ్వు నా ఎనకనే ఉన్నవనుకున్న."

ఇద్దరం మంచువైపు చూశాం. హంసలు మళ్లీ గొణుగుతున్నాయి. అక్క నన్ను గట్టిగా పట్టుకుని, "అయినా సరే, ఎవరు పిలిచినా పలుకు. దయ్యం ఇంటే ఇననీ. నీ గొంతు నాకు ఇనపడాలె, నేనొస్త" అంది. నానమ్మ మాట తప్పని మాత్రం అనలేదు.

ఆ అక్క పోయి చాలా ఏళ్లయింది. నేను మాత్రం ఈనాటికీ మొదటి పిలుపుకే పలుకుతాను. మనవలు పిలిచినా, వీధిలో ఎవరు పిలిచినా అంతే. ఒక్కోసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా "ఆఁ, వస్తున్నా" అంటాను.