తెర మీద కనిపించిన ఇనుప రాడ్

కార్ఖానా ఏరియాలో నాకు కార్ల వైరింగ్ షాపు ఉంది. పోయిన వేసవిలో, నేరేడ్‌మెట్‌లో టిఫిన్ల ట్రైలర్ నడిపే సుజాత కొత్త పికప్ కొనుక్కుని వచ్చింది. వెనక తగిలించిన పాత ట్రైలర్ కెమెరా కొత్త బండి తెర మీద పనిచేయడం లేదు. మధ్యలో చిన్న కన్వర్టర్ పెట్టి వైర్లు కలిపాను. ఆమెను ట్రైలర్ వెనక నిలబడమని చెప్పి, నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను.

బొమ్మ వచ్చింది. సుజాత నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. ఆమె వెనక ఒకడు ఇనుప రాడ్ ఎత్తుతున్నాడు! చనిపోయిన ఆమె భర్తకు తమ్ముడని తర్వాత తెలిసింది.

హారన్ కొట్టి కిందికి దూకాను. అప్పటికే దెబ్బ ఆమె భుజం మీద పడింది.

"మా అన్న బండి అమ్మి కొత్తది కొంటవా?" అని అరుస్తూ వాడు మళ్లీ రాడ్ ఎత్తాడు. అడ్డం పెట్టిన నా ఎడమ చేతి వేళ్లు రెండు విరిగాయి. ఆ నొప్పికి నాకు పిచ్చెక్కినట్టయింది. రాడ్ లాక్కుని వాణ్ణి కొట్టాను. కింద పడ్డాక కూడా కొడుతూనే ఉన్నాను.

"అన్నా, సాలు! సచ్చిపోతడు, ఇడ్శిపెట్టు!" అంటూ సుజాతే, రక్తం కారుతున్న చేత్తో నన్ను వెనక్కి లాగింది.

వాడు బతికాడు. పోలీసులు తీసుకెళ్లారు. నా వేళ్లు అతుక్కున్నాయి. కానీ ఆరోజు ఆమె లాగకపోతే నేను ఎక్కడ ఆగేవాణ్ణో నాకిప్పటికీ తెలియదు.