మామ బోరు నీళ్లు

మా మామ తన బోరు నీళ్లు వీధి మొత్తానికి ఊరికే ఇచ్చేవాడు. విడపనకల్లు దగ్గర మా ఊళ్లో అప్పటికే చాలా బోర్లు ఎండిపోయాయి. మాది ఒక్కటే ఇంకా పోస్తుండేది. ఆయన ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. కానీ స్టార్టరు తనే నొక్కాలి. మా ఆయన నొక్కినా, నేను నొక్కినా ఒప్పుకునేవాడు కాదు. ఆడవాళ్లు బిందెలతో గేటు ముందు ఎండలో నిలబడి ఉంటే, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని నిదానంగా బయటికొచ్చేవాడు.

"నువ్వు సల్లగుండల్ల పెద్దాయనా" అని ఎవరో ఒకరు అన్నాకే మోటారు మోగేది.

చెడ్డవాడు కాదు. తాను మంచివాడినని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నిలబడడానికి గేటు ముందు రోజూ బిందెలు ఉండాలి, అంతే.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలం ఊళ్లోకి ట్యాంకరు రావడం మొదలైంది. ఆ రోజు మా గేటు దగ్గరికి ఎవరూ రాలేదు. మామ చాలాసేపు అరుగు మీద కూర్చుని లోపలికొచ్చాడు.

"ఆ నీళ్లు తాగితే మోకాళ్లు పట్టుకుంటాయి. చెప్పినా ఇనరు. మంచి చేసేవాడు ఎవురికి గావల్లమ్మా?" అన్నాడు.

కొన్నాళ్లకే మా బోరులోనూ గాలి తప్ప ఏమీ రాలేదు.

"తాగేవాళ్లే రాకపోతే గంగమ్మకు ఈడ ఉండబుద్ధి యాడయితాది?" అన్నాడు మామ. ట్యాంకరు నీళ్లు ముట్టనన్నాడు. ఆ రోజంతా గొంతు తడుపుకోలేదు. మరునాడు నేను ఆ నీళ్లే తెచ్చి కుండలో పోసి, చెంబుతో ఇచ్చాను.

"యాడివి?"

"మన బోరువే మామా. పొద్దున కొంచెం వచ్చినాయి."

తాగాడు. "సూసినావా, ఎంత తియ్యగుండాయో!"

ట్యాంకరు హారను మా ఇంట్లోకి బాగా వినబడేది. ఆయనకు తెలియదని నేననుకోను. నేను ఖాళీ బిందె తీసుకునే వేళకు ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

"ఎంత ఓర్పమ్మా నీకు!" అనేది పక్కింటామె.

ఆ ఎండాకాలం నాలో ఏదీ కదల్లేదు. ఆయన మీద జాలి లేదు, కోపమూ లేదు. బిందె ఎత్తడం, దించడం. బయటి నుంచి చూసేవాళ్లకు అది ఓర్పులా కనిపిస్తుంది కాబోలు. అప్పటి నుంచి ఎవరి మంచితనాన్నయినా పొగుడుతుంటే, లోపల ఏముందోనని ఆలోచిస్తాను. ఏమీ లేకపోవచ్చు కూడా. నీళ్లు మాత్రం అందుతాయి.

తర్వాత మా ఆయన ఆ మోటారు పీకించి అమ్మేశాడు. మామ అడ్డు చెప్పలేదు. మధ్యాహ్నం సంగటి తింటూ ఇంకొంచెం ఊరిబిండి పచ్చడి వెయ్యమన్నాడు. వేశాను.